ఏం తింటారని అడిగేవాడు

మా ఆడబిడ్డ కొడుకు పోయాడని గిద్దలూరు నుంచి ఫోన్ వస్తే, మార్కాపురంలో తొలి బస్సు పట్టుకుని పోయాను. వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. పక్కింటి దుకాణం షావుకారు దండ వేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మెల్లగా అడిగాడు.

"పెద్దమ్మా, ఈయన ఏం నౌకరీ చేసినాడు? ఇన్నేండ్లు గోడకు గోడ ఆనుకోనుండి కూడా నాకు తెలీలేదు."

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఒకాయన, "ఆటంబాంబు ఆఫీసులో" అన్నాడు.

"కాదబ్బా, యాడనో సముద్రంలో కొబ్బరిచెట్లకు పొటాష్ ఏపించే పని" అన్నాడు ఇంకొకాయన.

"రెండూ ఎట్లయితాయి?" అని షావుకారు నా మొహం చూశాడు.

రెండూ నిజమే. ఎట్లా నిజమో ఆయనకు చెప్పడం నాకు చేతకాలేదు. నేను చదివింది చిన్నబడి వరకే. మావాడు నాకు ఎన్నోసార్లు విడమరిచి చెప్పాడు. చెప్పినంతసేపూ తెలిసినట్టే ఉండేది. లేచి పొయ్యి దగ్గరికి పోయేసరికి అంతా చిక్కుపడిపోయేది. ఇప్పటికీ ఆ చిక్కు విడలేదు.

అతనికి నేను మేనమామ పెళ్ళాన్ని. "అత్తా" అని పిలిచేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒక భుజం కిందికి దిగినట్టు ఉండేవాడు. ఏ మాటకూ అవునని గానీ కాదని గానీ చెప్పేవాడు కాదు. "అనుకుందాం" అనేవాడు. బస్సు వస్తుందా అల్లుడా అంటే, "వస్తుందనే అనుకుందాం అత్తా." వాన పడుతుందా అంటే అదే మాట. పెళ్ళిచూపులకు పోయినప్పుడు, పిల్ల నచ్చిందా అని మా ఆయన అడిగితే, "నచ్చిందనే అనుకుందాం మామా" అన్నాడు. తలుపు వెనకున్న ఆ పిల్ల విననే వినింది. "అట్లయితే నేను కూడా నచ్చినాడనే అనుకుంటాలే" అని లోపలి నుంచి చెప్పి పంపింది. ఆ పిల్లనే చేసుకున్నాడు. ఇద్దరూ బాగానే బతికారు.

గుడి నుంచి తెచ్చిన కొబ్బరి చిప్ప చేతిలో పెడితే అందరిలాగా కొరికేవాడు కాదు. అటూ ఇటూ తిప్పి చూసేవాడు. ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. చివరికి చిన్న ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. "కుళ్ళిందా ఏంది?" అని నేను కసిరితే, "లేదత్తా, మంచిదే. ఇట్ల భయం లేకుండా తిని చాన్నాళ్ళయింది" అనేవాడు. కొబ్బరికి భయపడే మగవాణ్ణి నేను అతన్ని తప్ప ఇంకెవరినీ చూడలేదు.

అతని అసలు పిచ్చి వేరే ఉంది. ఎవరు కనబడినా ఏం తిన్నావని అడిగేవాడు. మన వాళ్ళు పలకరింపుగా, తిన్నావా అని అడుగుతారు, తిన్నానంటే అయిపోతుంది. ఇతనికి అట్లా కాదు. పొద్దున ఏం తిన్నావు, నిన్న మాపుటికి ఏం తిన్నావు, కూర ఎంత వేసుకున్నావు, ఆ కూరగాయ చేలోదా అంగట్లోదా. బస్సు కండక్టర్‌నూ వదిలేవాడు కాదు, పలకలు కోసే మిల్లు నుంచి తెల్లటి దుమ్ముతో ఇంటికి పోయే కూలీలనూ వదిలేవాడు కాదు. "వీడు ఇంటికొస్తే కడుపు కూడా దాచిపెట్టుకోవాల" అనేవాడు మా ఆయన.

ఒకనాడు మా ఇంట్లో భోజనం చేసి అరుగు మీద కూర్చుంటే నేనే అడిగాను. "అందరి కడుపులూ లెక్క చూస్తావు గదా, నీకు జీతమిచ్చేది దానికేనా?"

"దానికే అత్తా" అన్నాడు. ఎగతాళి అనుకున్నాను, కాదు.

"సముద్రం నడుమ సన్నసన్న దీవులుంటాయి. మన కంభం చెరువు కట్ట ఉంటది చూడు, అట్ల సన్నగా, వంకరగా. ఆ దగ్గర్లో ఒక పెద్ద దేశమోళ్ళు బాంబులు పేల్చి చూసుకున్నారు. బూడిద వచ్చి ఒక దీవి మీద పడింది. అక్కడి మనుషుల్ని ఓడెక్కించి ఇంకో దీవిలో దించినారు. పిల్లలు ముసలోళ్ళయినారు. ఇంకా ఆ పరాయి దీవిలోనే ఉన్నారు."

"ఇప్పుడు నీకేంది పని?"

"ఇండ్ల చుట్టూ పైమన్ను గీకి పారేసినారు. కొత్త ఇండ్లు కట్టినారు. వాళ్ళు వెనక్కి పోవచ్చునా, పోగూడదా అని చెప్పాల. అన్ని దేశాలోళ్ళూ కలిసి పెట్టిన అణు ఆఫీసు ఒకటుంది, అందులో అట్ల చెప్పేవాళ్ళలో నేనొకణ్ణి."

"విషం పోయిందా?"

"తగ్గింది."

"పోయిందా అని అడుగుతున్నా."

"పూర్తిగా పోదు అత్తా. ఏడాదికి ఒంట్లో ఇంతవరకు చేరితే ఫర్వాలేదని ఒక హద్దు పెడతారు. దానికి లోపల ఉంటే పోవచ్చు."

నాకు కోపం వచ్చింది. "విషానికి ఫర్వాలేదు ఏంది? పాలు విరిగితే విరిగినాయి, లేకుంటే లేదు. కొంచెం విరిగిన పాలు ఉంటాయా?"

అతను నా కాళ్ళ వైపు చూశాడు. "మీ బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉంది గదా. ఒక గ్లాసు తాగితే ఏమన్నా అయితదా?"

"ఏమయితది? ఏం కాదు."

"మరి నీ మోకాళ్ళెందుకు వంగినాయి?"

నేను చీర కుచ్చిళ్ళు కాళ్ళ మీదికి దించుకున్నాను. ఆ మాట నాకు నచ్చలేదు.

పొటాష్ సంగతి కూడా ఆనాడే చెప్పాడు. దీవి అంతా మన్ను గీకితే ఇక చెట్టు నిలవదట. అందుకని ఇండ్ల చుట్టూ గీకి, తోటల్లో పొటాష్ చల్లుతారట. మన మిరపకు వేసే పొటాషేనా అంటే, అదేనన్నాడు. ఆ విషమూ పొటాషూ దాయాదుల్లాంటివట. చెట్టుకు పొటాష్ కడుపునిండా దొరికితే విషం జోలికి ఎక్కువ పోదట. ఇది మాత్రం నాకు బాగా పట్టింది. కడుపు నిండినోడు కానిది తినడు. కానీ చెట్టు కొంచెం తిన్నా కొంచెం కాయలోకి వస్తుంది గదా అంటే, "వస్తది. అదే లెక్క" అన్నాడు.

ఆ లెక్క అంతా తిండి మీదే ఆధారపడిందట. గాలి నుంచీ నేల నుంచీ ఒంటికి తగిలేది తక్కువట, కడుపులోకి పోయేదే ఎక్కువట. ఆ దీవిలో కాసే కొబ్బరి, పనస లాంటి ఒక కాయ, చెట్లెక్కి కొబ్బరి తినే పెద్ద పీతలు, ఇవి ఎక్కువ తింటే హద్దు దాటుతుంది. ఓడలో వచ్చే బియ్యమూ డబ్బా మాంసమూ ఎక్కువ తింటే దాటదు. అందుకని ఇతన్ని వాళ్ళుండే పరాయి దీవికి పంపి, వాళ్ళు ఏం తింటారో చూసి రమ్మన్నారు.

"ఇల్లిల్లూ తిరిగినా అత్తా. చాప మీద కూర్చోని, వాళ్ళతోపాటే తిన్నా. ఏ ఇంట్లో చూసినా ఓడ బియ్యమే. హద్దు దాటే పనే లేదు."

ఆనాడు అనుకుందాం అనలేదు. చూసినా అన్నాడు. ముఖం వెలిగిపోతూ ఉంది.

అక్కడ ఒక ముసలామె ఉందని కూడా చెప్పి నవ్వాడు. అతను పోయినప్పుడల్లా దారికడ్డం నిలబడేదట. వాళ్ళ భాష ఇతనికి తిప్పి చెప్పేవాణ్ణి పక్కకు నెట్టి, అవునా కాదా ఒక్క మాట చెప్పమనేదట. ఇతను హద్దు గురించి మొదలుపెట్టగానే, "నీ హద్దు నీ ఇంట్లో పెట్టుకో, నన్ను పడవెక్కించు" అనేదట. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎవరి చంకలోనో ఆ దీవి వదిలిందట.

"అచ్చం నీ గొంతే అత్తా" అన్నాడు.

"నా గొంతుకేమయింది?" అన్నాను.

మా ఇంటికి ఎప్పుడొచ్చినా ముందుగా ఫోన్ చేసి వచ్చేవాడు. అతను వచ్చే పూట సన్నబియ్యం, కందిపప్పు, నెయ్యి, కాకరకాయ వేపుడు, గడ్డపెరుగు ఉండేవి. నేను పైసా వృథా చేసే మనిషిని కాను. అయినా ఆడబిడ్డ కొడుక్కు పెట్టేదాంట్లో పొదుపు చూడరాదు. అది మా ఇంటి పద్ధతి. అందరి ఇళ్ళ పద్ధతీ అదే.

ఒకసారి దొనకొండలో ఏదో పెళ్ళికి పోయి, తిరుగుదారిలో చెప్పకుండా దిగాడు. మిట్టమధ్యాహ్నం. నేను వంటింటి గడప దగ్గర జొన్నసంగటి ముద్ద, చింతకాయ తొక్కు పెట్టుకుని తింటున్నాను. మా కోడలు బోరు నీళ్ళతో స్టోరు బియ్యం కడుగుతూ ఉంది. అతన్ని చూడగానే నేను పళ్ళెం మీద మూత పెట్టేశాను.

"ఏం తింటున్నావు అత్తా?"

"ఏంల్యా. కాళ్ళు కడుక్కోని కూర్చో. అన్నం వండుతుంది."

"మూత తియ్యి."

"ఎంగిలి పళ్ళెమురా!"

తనే వచ్చి మూత తీశాడు. ఆ సంగటి ముద్దను ఎంతసేపు చూశాడో. పామును చూసినా అంతసేపు చూడరు.

"మీరు రోజూ ఇదేనా?"

"రోజూ ఏంది? పగలు సంగటి, మాపుటికి స్టోరు బియ్యం. దీనికేమయింది? దీనంత బలం ఏదీ లేదు."

"నేనొచ్చినప్పుడల్లా సన్నబియ్యమే గదా."

"నువ్వొస్తే సంగటి పెడతామా? మీ అమ్మ పైనుంచి దిగొచ్చి నా జుట్టు పట్టుకోదూ?"

"ఏం తింటారని అడిగితే కూడా, అన్నమనే చెప్పినావు."

"అడిగితే అన్నమనే చెబుతారు ఎవరైనా" అన్నాను. ఇంత చదువు చదివి, ఇంత మాత్రం తెలియదా అని నాకే ఆశ్చర్యమైంది.

మా కోడలికి నోరు ఊరుకోదు. "మొన్న నీళ్ళ సర్వేకి ఒక పిల్ల వచ్చింది అన్నా. అన్నం, పప్పు, గుడ్డు తింటామని చెప్పినాం. గుడ్డు యాడిది? అత్తమ్మ తెయ్యనిస్తే గదా! తాగేది క్యాన్ నీళ్ళని చెప్పినాం. అది నిజమే లే, తాగేది అవే."

"వంటకు?"

"వంటకు క్యాన్ నీళ్ళు పోస్తే అత్తమ్మ నన్ను బతకనిస్తదా? బోరు నీళ్ళే."

"సంగట్లో సగం నీళ్ళే గదా తల్లీ" అన్నాడు అతను. అని గడప మీద కూలబడ్డాడు.

ఎండకు కళ్ళు తిరిగాయేమో అనుకుని మజ్జిగ ఇచ్చాను. గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"అత్తా, అక్కడ కూడా నాకు బియ్యమే పెట్టినారు."

"పెట్టరా మరి? అంత దూరం పోతివి."

"నేను లేచి వచ్చినాక వాళ్ళేం తిన్నారు?"

"నన్నడుగుతావేంది? పోయింది నువ్వా నేనా?"

"ప్రతి ఇంటికీ రెండు పొయ్యిలుండేవి. ముందర ఒకటి, ఇంటి వెనక ఒకటి. రెండింటి నుంచీ పొగ వచ్చేది. వెనకది దేనికని నేను అడగలేదు." తన తల మీద తనే చేత్తో కొట్టుకున్నాడు. "ఎవరో పరాయివాణ్ణి కాదు, నేను పుట్టింది ఈ గడ్డ మీద! మా అమ్మ కూడా చుట్టాలు పోయినంక పొయ్యి వెనక కూర్చోని సంగటి తినేది. నాకు తెలుసు. తెలిసి కూడా పెద్దమనిషి మాదిరి చాప మీద కూర్చోని, నా ముందర పెట్టిందే వాళ్ళ తిండని రాసినా."

"ఓడ రాకపోతే ఏం తింటారు?" అన్నాను. నాకు ఊరికే తోచింది, అడిగాను.

అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరవలేను.

తర్వాత చెప్పాడు. ఇంకొన్నాళ్ళకే పెద్ద మీటింగు ఉందట. అందులో అందరూ సరేనంటే వాళ్ళను పడవలెక్కిస్తారట.

"తిండి లెక్క తప్పని నేను చెబితే, మళ్ళీ మొదటి నుంచి చూస్తారు. పోయేది ఎప్పటికో. అంతలో ఆ ముసలామె పరాయి దీవిలోనే చచ్చిపోతది. చెప్పకుంటే పోతారు. పోయి, అక్కడ కాసింది తింటారు. చంటిబిడ్డలకు కూడా పెడతారు. నన్ను ఏం చెయ్యమంటావు?"

"చెప్పు" అన్నాను. బిడ్డలన్న మాట వినగానే నోటికి వచ్చిన మాట అది. మజ్జిగ గ్లాసు తీసుకుని లోపలికి పోయి, మళ్ళీ బయటికి వచ్చి, "చెప్పొద్దులే" అన్నాను. ఆ ముసలామె మతికి వచ్చింది.

"ఏదో ఒకటి చెప్పు అత్తా!"

"నాకేం తెలుసురా? హద్దులు పెట్టేది నువ్వు."

అప్పుడు నన్నొక మాట అడిగాడు. మా పుట్టిన ఊరిని ప్రాజెక్టు కింద మునుగుతుందని ఖాళీ చేయించారు. మా అన్నదమ్ములు కాలనీలో ఉన్నారు. "రేపు ఎవరన్నా వచ్చి, నీ ఊరు నీకిస్తాం, పోయి ఉండు, కానీ అక్కడ కాసింది తినొద్దు అంటే పోతావా?"

"పోతా."

"తినకుండా ఉంటావా?"

"ఉంటా. నాకు నోరు కట్టుకోవడం కొత్తా?"

"మీ పెరట్లో చింతచిగురు వచ్చినప్పుడు?"

నేను పైట కొంగు సర్దుకున్నాను. కోడలు నా మొహం వైపే చూస్తూ ఉంది. "తింటా లే" అన్నాను.

ఆ పూట అతను సంగటే పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. సన్నబియ్యం వండించి, నెయ్యి వేసి పెట్టాను. తల వంచుకుని తిన్నాడు. ఒక్క మెతుకు కూడా విడిచిపెట్టలేదు.

మీటింగులో అతను చెప్పేశాడు. ఆ తర్వాత మార్కాపురం వచ్చినప్పుడు తెలిసింది. అందరూ ఆగిపోయారట, తిండి సంగతి మళ్ళీ చూడాలన్నారట. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. రెండు పొయ్యిల సంగతి వాళ్ళకు అర్థం కాకపోతే, అర్థమయ్యేటట్టు మా ఇంటి సంగతి చెప్పాడట.

"నా ఎంగిలి పళ్ళెం దేశాలకు చూపించినావా?" అని లేచాను.

"పేరు చెప్పలేదు అత్తా. ఒక అత్త అని మాత్రమే చెప్పినా."

"నీకెంతమంది అత్తలున్నారు?"

మా కోడలు నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయింది. అతను మాత్రం నవ్వలేదు. "నువ్వే కాదు, అక్కడి ముసలామె కూడా తిట్టింది. కబురు పంపింది. మన మాటల్లో చెప్పాలంటే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టినానంట. ఇంకెప్పుడూ నాకు చాప వెయ్యదంట." పళ్ళెంలో అన్నం కలుపుతూ అన్నాడు. "నిజమే గదా అత్తా. మర్యాదకు పెట్టిన అన్నాన్ని సాక్ష్యం చేసినా. వాళ్ళు దాచుకున్నదాన్ని బయటేసినా. వాళ్ళ మంచికే చేసినా. రెండూ నేనే చేసినా."

నాకు తిట్టాలనిపించింది, ఓదార్చాలనీ అనిపించింది. ఏదీ చేయలేదు. కాకరకాయ వేపుడు ఇంకొంచెం వేశాను.

ఆనాటి నుంచి అతను మారాడు. ఏం తిన్నావని ఎవరినీ అడగలేదు. అరుగు మీద కూర్చుంటే, పోయేవాళ్ళే నిలబడి, "ఏం సార్, ఈ పొద్దు మా కడుపు లెక్క చూడవా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. చెయ్యి ఊపి పంపించేవాడు. పెట్టింది తినేవాడు. బాగుందా అల్లుడా అంటే, "బాగుంది అత్తా" అనేవాడు. అంత తేలికగా జవాబు చెప్పే మనిషి కాదని నాకు తెలుసు. అట్లాగే రెండు మూడు వానాకాలాలు పోయాయి. ఒక పొద్దున లేవలేదు.

సంవత్సరీకం అయిపోయాక, అతని కూతురు కంప్యూటర్ మూసి సంచిలో పెడుతూ, "అవ్వా, ఒక మాట చెప్పాల" అంది. నాయన మాదిరే నెమ్మది పిల్ల. అతను పోయిన తర్వాత దీవి నుంచి సమాచారం వచ్చిందట. ఇష్టమైనవాళ్ళు పోవచ్చని చెప్పారట. పడుచువాళ్ళు చాలామంది పోలేదట. ముసలామె మొదటి పడవలోనే పోయిందట.

నాకు ఆనందమైంది. వెంటనే అనుమానమూ వచ్చింది. "అప్పుడు ఆగమన్నారు, ఇప్పుడు పొమ్మన్నారు. విషం పోయిందా?"

"కొంచెం తగ్గింది. పొటాష్ మళ్ళీ చల్లినారు. ఓడ ఇంకా తొందర తొందరగా పంపుతామన్నారు. అక్కడ కాసింది కొంచెమే తినాలని షరతు పెట్టినారు."

"హద్దు మార్చినారా?"

"లేదు, అదే హద్దు."

"మరి మీ నాయన చెప్పింది మంచికేనా? ఆమెను ఇన్నాళ్ళు ఊరికే ఆపినాడా?"

"నాకూ తెలీదు అవ్వా" అంది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను దాని వీపు నిమిరాను. కొంచెం అంటే ఎంత, ఆ కొంచెం ఎవరు కొలుస్తారు, ఆ ముసలామె వెనక నిలబడి ఎవరు చూస్తారు, అంతా నా బుర్రలో గిర్రున తిరుగుతూ ఉంది.

"ఇప్పుడు కనుక్కుంటున్నారా, వాళ్ళేం తింటున్నారో?"

"కనుక్కుంటున్నారు. నాయన చోట్లో కొత్తాయన వచ్చినాడు. మొన్ననే దీవికి పోయి, ఇల్లిల్లూ తిరిగి వచ్చినాడంట."

"ఏం చెప్పినారంట?"

"ఓడ బియ్యమే తింటున్నారంట."

నేను దాని చేతిలోని సంచి తీసి పక్కన పెట్టాను. తర్వాత అడిగాను. "ఆ కొత్తాయనకు భోజనం పెట్టినారంటనా?"

"పెట్టినారంట అవ్వా. చానా బాగా పెట్టినారంట."